ఒక కెరటం ఎక్కువ

పోయిన మంగళవారం పొద్దున్నే గంట తాత కూతురు మా అరుగు మీద పొడవాటి కర్ర ఒకటి ఆనించి, పక్కన కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మా అయ్య ఎలిపోనాడు గదా బాబూ. పదకొండు రోజులైంది. ఈ కర్ర లెక్కల బాబుకిచ్చీమన్నాడు."

"ఇంకేటన్నాడు?"

"ఏటీ నేదు. లెక్కెట్టుకోమన్నాడు. అంతే."

ఆమె మజ్జిగ తాగి వెళ్లిపోయింది. నేను కర్రని ఒళ్లో పెట్టుకుని చూశాను. పాత పడవ తెడ్డు పిడి. మూడున్నర అడుగులు ఉంటుంది. నాలుగు పక్కలా చదునుగా చెక్కి, ప్రతి పక్కకీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కత్తితో సన్నని గాట్లు పెట్టి ఉన్నాయి. అంగుళానికి నాలుగు చొప్పున. గాట్ల మధ్య ఎడం దాదాపు ఎక్కడా తప్పలేదు. ఇరవై ఏళ్లుగా ఆయనకీ నాకూ ఉన్న తగువల్లా లెక్క దగ్గరే. పోతూ పోతూ కూడా ఒక లెక్క నా నెత్తిన పెట్టి పోయాడు.

ఊళ్లో ఆయన్ని గంట తాత అనేవారు. నేనూ అలాగే అంటాను.

అస్కాకి రెండు కోసుల దూరంలో, చెరకు తోటల మధ్య, మా ఊరిని ఆనుకుని జర్మనోళ్ల గుడి ఉంది. నా చిన్నతనానికి ముందే ఆ దేశం నుంచి ఐదు కుటుంబాలు పంచదార యంత్రాలు బిగించడానికి వచ్చి, యంత్రాలు బిగించాక కూడా వెళ్లకుండా ఉండిపోయాయి. తమ ఇళ్లకి పెంకులు వేయకముందే గుడికి వేశారని చెప్పుకునేవారు. గోపురం నలభై రెండు అడుగులు. ఎక్కకుండానే నీడ కొలిచి తేల్చాను. మెట్లు పద్నాలుగు. లోపల ముందు వైపు పది బల్లలు, కుటుంబానికి రెండు. బల్లల వెనక చాపలు. చాపల మీద మన వాళ్లు: వంటవాళ్లు, ఆయాలు, తోటమాలులు, యంత్రాల దగ్గర పనిచేస్తూ ఆ మతంలో కలిసిన తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ. వీళ్లందరికీ ఒక జర్మను ఫాదరు. ఆ ఫాదరుకి, ఆ బల్లలకి, ఆ గంటకి కాపలా ఈ గంట తాత.

నేను తోటలు గొలుసుతో కొలిచి విస్తీర్ణం కట్టి చెప్పేవాణ్ణి. బడి చదువు మూడో తరగతిలో ఆగిపోయింది గానీ లెక్కల పిచ్చి ఆగలేదు. మధ్యాహ్నపు నీడ కొలవడానికి నాకు ఆ గుడి గంటే ఆధారం. ఆ గంట రోజూ పదమూడు కొట్టేది.

మొదట నా చెవిదే తప్పనుకున్నాను. వరసగా తొమ్మిది రోజులు చింతగింజలు పెట్టుకుని లెక్కించాను. తొమ్మిది రోజులూ పదమూడే. పదో రోజు వెళ్లి అడిగాను. ఆయన మెట్ల మీద కూర్చుని, జానెడు పొడవున్న గుడి తాళంచెవితో వీపు గోక్కుంటున్నాడు.

"తాతా, మజ్జానానికి పన్నెండు కొట్టాల. నువ్వు పదమూడు కొడతన్నావు."

"తెలుసును."

"తెలిసీ ఏల కొడతన్నావు?"

"లెక్కెట్టడం ఆలీసమైనోడికి బాబూ. మొదటి దెబ్బ ఇననోడు ఉంటాడు గదా. ఆడికి పదకొండే అవుతాయి. ఆడికోసం ఒకటి."

"మరి మొదటినించీ ఇన్నోడికి తప్పు గదేటి?"

"ఇన్నోడికి పన్నెండని తెలుసు గదా. ఆడికేటి నష్టం?"

అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు నాకు. జవాబు దొరకకపోతే మనిషి మీద కోపం వచ్చే వయసు. ఫాదరు కూడా మొదట్లో కోప్పడ్డాడట, తర్వాత నవ్వాడట, చివరికి తానే పదమూడోది వదిలేసి వినడం నేర్చుకున్నాడట. గడియారాలు పుట్టిన దేశం నుంచి వచ్చిన మనిషి చేత ఆ పని చేయించినవాడు నాకు లొంగుతాడా?

అసలు కారణం కొంతకాలం పోయాక చెప్పాడు. ఆయన గోపాల్‌పూర్ పడవమనిషి. ఓడలో వచ్చిన గంటని ఒడ్డుకి చేర్చిన పడవలో ఆయన ఒకడు. గంటని ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడట; ఒడ్డున దించాక బండి ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాడట; బండి కదిలాక దాని వెనకే నడిచి ఇక్కడికి వచ్చేశాడట. అంతకు మించి ఆయన కథ నాకు తెలియదు, ఆయనా చెప్పలేదు.

"కెరటాలు దాటీటప్పుడు ఏటి సేత్తామంటే," అన్నాడు, "పెద్దయి ఎన్నొత్తాయో లెక్కెడతాం. లెక్కైపోనాదని తెడ్డు ఎయ్యకూడదు. ఇంకొక కెరటాన్ని ఒగ్గీయాల. ముంచీది అదే. మా అయ్య ఆ ఒక్కటీ ఒగ్గలేదు."

వాళ్ల అయ్య ఏమయ్యాడని నేను అడగలేదు. ఆ రోజు నుంచి పదమూడో దెబ్బ గురించి కొంచెం తగ్గి మాట్లాడేవాణ్ణి. మానేశానని చెప్పను.

ఆయనకి ప్రాణమైనవి రెండు. ఒకటి బల్లలు. చాపల వాళ్లెవరైనా మోకాళ్ల నొప్పని బల్ల అంచుకి ఆనుకున్నా తాళంచెవితో చప్పుడు చేసేవాడు. రెండోది సముద్రపు చేప. చెరకు దేశానికి వచ్చి ఇన్నేళ్లయినా మా ఏటి చేపని ఆయన చేపగా ఒప్పుకోలేదు. మా ఆవిడ ఒకసారి మంచి కొర్రమీను వండి పంపిస్తే, గిన్నె తిరిగిస్తూ, "పులుసు బాగున్నాది, అందులో ఏటేసినారు?" అని అడిగాడు. బుధవారం బుధవారం గోపాల్‌పూర్ నుంచి ఎండుచేపల గంప ఎత్తుకుని ఒకామె వచ్చేది. ఆమె ఊరి పొలిమేర చేరకముందే ఈయన ముక్కుకి తెలిసేది. ఆ వారానికి ఆయనకి అదే పండగ.

జర్మనోళ్లకీ ఇంగ్లీషోళ్లకీ యుద్ధం వచ్చింది. పోలీసులు వచ్చి ఐదు కుటుంబాలనీ ఫాదరునీ బళ్లలో ఎక్కించుకుని ఎక్కడో దూరాన ఉన్న శిబిరానికి తీసుకుపోయారు. ఫ్యాక్టరీకి సీలు వేశారు. ఫాదరు గదిలో గోడకున్న కాలెండరు కూడా, జర్మను అక్షరాలున్నాయని చుట్టి పట్టుకుపోయారు. బండి ఎక్కే ముందు ఫాదరు తాత భుజం పట్టుకుని, తన తెలుగులో ఒక మాట చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఈస్టరు పండగ తప్పకూడదు. నన్ను ఎక్కడ ఉంచినా ఆ ఉదయం నేను పాడతాను. నువ్వు ఇక్కడ గంట కొట్టు. నాకు వినపడదు, కాని కొడుతున్నావని తెలుస్తుంది. నేను ఒక్కణ్ణి కాను."

ఆ పండగ ఏ రోజు వస్తుందో కనుక్కునే సూత్రం కూడా చెప్పాడు. తాత దాన్ని మూడు వేళ్ల మీద పెట్టుకుని శీతాకాలమంతా జపించాడు. మాఘమాసంలో ఆ మూడు వేళ్లూ ఎత్తుకుని మా ఇంటికి వచ్చాడు.

"పగలూ రేత్రీ సమానమైన రోజు ఎలిపోవాల. ఆ తరవాత పున్నమి ఎలిపోవాల. ఆ తరవాత ఆదివారం. ఎప్పుడో సెప్పు బాబూ. దానికి నలభై రోజులు ముందునించి ఉపాసాలు మొదలెట్టాల."

ఉపవాసమంటే వాళ్లకి ఒంటిపూట భోజనం, నీచు ముట్టకపోవడం. ఆదివారాలు లెక్కలోకి రావు. అవి కలిపితే మొత్తం నలభై ఆరు రోజులు.

"ఇంకో ఊరి ఫాదరుకి ఉత్తరం రాయకూడదేటి?"

"జర్మనోళ్ల గుడినించి పున్నములూ అంకెలూ రాసి ఉత్తరమెల్తే పోలీసోళ్లు ఒగ్గుతారేటి? నన్నూ బండెక్కించీగల్రు."

మాట నిజమే. నేను పంచాంగం తీశాను. పగలూ రాత్రీ సమానమయ్యే రోజు ఏదో ఈ జిల్లాలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? ఒడియావాళ్ల మహావిషువ సంక్రాంతి. తులసికోట మీద చిల్లుకుండ వేలాడదీసి, అందరూ పానకం తాగే రోజు. అది గడిచాక పున్నమి, పున్నమి గడిచాక ఆదివారం. అక్కడి నుంచి వెనక్కి నలభై ఆరు రోజులు లెక్కించి, ఉపవాసాలు మొదలయ్యే విభూతి బుధవారం ఫలానా అని రెండు నిమిషాల్లో తేల్చేశాను. రుసుమేమీ తీసుకోలేదు గానీ, మీసం మాత్రం సవరించుకుని ఉంటాను.

ఆ బుధవారం నాడు తాత తానే అందరి నుదుటా బూడిద రాశాడు. గుడిలో మిగిలినవాళ్లు, చంటిపిల్లలు పోగా, ఆయనతో కలిపి ఇరవై ఏడుగురు. నక్షత్రాలన్ని అనుకున్నాను.

ఉపవాసాలు మొదలైన పదిహేడో రోజు నేను ఒక రైతుతో కలిసి బరంపురం వెళ్లాను, కచేరీలో పొలం పటం నకలు తీసుకోవడానికి. కచేరీ తలుపులు మూసి ఉన్నాయి. బంట్రోతు ఒకడు వరండాలో పడుకుని ఉన్నాడు.

"ఈయాల సెలవు. గుడ్ ఫ్రైడే గదేటి."

"ఏటి ఫ్రైడే?"

"ఏసుని సిలవెక్కించిన రోజు. ఎల్లుండి ఆదివారం ఈస్టరు. మంగళారం రండి."

రైతు నష్టపోయిన రోజుని పూడ్చుకోవడానికి గేట్ బజారుకి బట్టలు కొనడానికి పోయాడు. నేను ఆ మెట్ల మీదే కూర్చుని, వేళ్ల మీద మళ్లీ మళ్లీ లెక్క కట్టాను. సర్కారు వారి లెక్క తప్పని నిరూపించడానికి గంటసేపు ప్రయత్నించాను కూడా. తప్పు నాదే. పగలూ రాత్రీ నిజంగా సమానమయ్యే రోజు మన మహావిషువానికి మూడు వారాల పైచిలుకు ముందే వచ్చి పోతుంది. పానకం తాగిన వాళ్లు తాగుతూనే ఉన్నారు గానీ, గడియారం పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు, నాతో సహా. ఆ మధ్యలో పున్నమి పడకపోతే నా లెక్క చెల్లిపోయేదే. ఆ ఏడు పడింది. పండగని నేను నాలుగు వారాలు ఆలస్యం చేశాను.

అప్పటికప్పుడు ఎద్దుబండి కట్టించుకుని బయల్దేరితే శనివారం పొద్దెక్కాక ఊరు చేరాను. తాత గుడిలో జర్మనోళ్ల బల్లలు తుడుస్తున్నాడు. మనుషులు వెళ్లి ఆరు నెలలైనా రోజూ తుడిచేవాడు. నేను వెళ్లి దగ్గరున్న బల్ల మీద కూలబడ్డాను.

"నెగు బాబూ. అది ఇంజినీరు దొరది."

"తాతా, పెద్ద తప్పు జరిగిపోనాది."

"నెగిసి సెప్పు."

లేచి నిలబడి చెప్పాను. ఆయన చేతిలో గుడ్డ ఆగింది.

"అయితే నిన్ననేటి ఏసయ్య సచ్చిపోనాడు?"

"నిన్ననే."

"మనకి తెలకుండానే?"

నేను తల ఊపాను.

"నిన్న మజ్జానం మేకపిల్ల కాలవలో పడితే నాను నవ్వినాను బాబూ. శానాసేపు నవ్వినాను."

ఆయన గుడ్డని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ పెట్టాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"ఫాదరు రేపు పాడతాడు గదా," అన్నాడు చివరికి. "మనం కొట్టకపోతే ఒక్కడే పాడతాడు."

"మరి ఉపాసాలు సగమైనా అవలేదు."

"రేపే పండగ. నువ్వెల్లి నీ పెళ్లాన్ని గుడ్లడుగు. ఎన్నుంటే అన్ని."

జర్మనోళ్లకి ఆ పండగనాడు రంగు గుడ్లు దాచి పిల్లల చేత వెతికించే ఆచారం ఉంది. తాత ఉల్లిపొట్టు వేసి ముప్పై గుడ్లు ఎర్రగా ఉడకబెట్టి, గుడి చుట్టూ గడ్డిలో దాచాడు. ఆదివారం తెల్లారేసరికి గంట మోగింది. ఎన్ని కొట్టాడో లెక్కపెట్టే ముఖం నాకు లేదు. ఇరవై ఏడుగురూ కళ్లు నులుముకుంటూ, నిన్నటి దాకా ఇంకా నెల ఉందనుకున్న పండగకి ఉతకని బట్టలతో వచ్చారు. ఫాదరు పాడే జర్మను పాటని తాత మొదటి నుంచి చివరి దాకా పాడాడు. అర్థం ఆయనకీ తెలియదు, వింటున్నవాళ్లకీ తెలియదు. పది ఖాళీ బల్లల వెనక, చాపల మీద కూర్చుని అందరూ అందుకున్నారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

పిల్లలకి ఇరవై తొమ్మిది గుడ్లు దొరికాయి. ముప్పయ్యోది ఎక్కడుందో దాచినవాడు చెప్పలేదు.

అందరూ వెళ్లాక తాత మెట్ల మీద కూర్చుని నన్ను పిలిచాడు.

"పండగ ఫాదరుకిచ్చిన మాట. అది తీరిపోనాది. ఉపాసం దేవుడికిచ్చిన మాట. అదెంత మిగిలింది సెప్పు."

"పదహారు అయినాయి. ఇరవై నాలుగున్నాయి."

"మడిసికా?"

"మనిషికి. ఇరవై ఏడుగురికి ఆరు వందల నలభై ఎనిమిది."

"పండగ తిన్నాక మళ్లీ ఉపాసాలంటే ఈళ్లు నా పీక నొక్కీగల్రు. అంతా నాదే."

"అంతా నీదెలాగ? లెక్క తప్పింది నాను."

"నువ్వు మా వోడివి కావు గదా బాబూ."

"లెక్క తప్పితే మతం అడుగుతారేటి?"

ఆయన నన్ను పైనుంచి కిందకి చూశాడు. "సేప మానగలవేటి నువ్వు?"

"నాను మానగలను. నువ్వు మానగలవా?"

ఆ దెబ్బ తగిలింది. బుధవారం గంప ఆయన కళ్ల ముందు కదిలే ఉంటుంది. కాసేపు తాళంచెవితో వీపు గోక్కున్నాడు. బేరం మొదలైంది. ఆయన నాకు వంద ఇస్తానన్నాడు. నేను సగానికి తక్కువైతే ఒప్పుకోనన్నాను. ఆదివారాలు పోతే వారానికి ఆరు. ఆరు వందల నలభై ఎనిమిదంటే సరిగ్గా నూట ఎనిమిది వారాలు. నూట ఎనిమిది వచ్చాక ఇక అది తప్పించుకోదగ్గ సంఖ్య కాదని చెప్పాను. చివరికి చెరి యాభై నాలుగు వారాలకి ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు: మరుసటి ఏడు వచ్చే నలభై రోజులూ ఇందులో కలపకూడదు, అవి ఆ ఏటివి.

దాంతో ఏమైందంటే, యాభై నాలుగు వారాలు నేను ఒంటిపూట తిని చేప ముట్టలేదు. మధ్యలో క్రైస్తవులందరూ చేప మానేసిన ఆ నలభై రోజులూ మాత్రం కడుపునిండా తిన్నాను. నేను మతంలో కలిశానని ఊళ్లో సగం మంది, వైష్ణవం పుచ్చుకున్నానని సగం మంది అనుకున్నారు. మా ఆవిడ రెండూ నమ్మలేదు. "ఎవళికో తప్పు లెక్క సెప్పుంటారు," అంది.

ఆ రెండో ఏడు పండగ తేదీ చెప్పడానికి వెళ్తే తాత అడిగాడు: "లెక్క కట్టినావా, కచేరీ బంట్రోతునడిగినావా?"

"రెండూ."

"బంట్రోతేటన్నాడో అది సెప్పు."

జ్యేష్ఠమాసంలో నా యాభై నాలుగు వారాలూ పూర్తయ్యాయి. ఆ బుధవారం గంపలో ఉన్న వాటిలో పెద్ద వంజరం ఎండుచేప ఏరి కొని, అరిటాకులో చుట్టి తాత దగ్గరికి పట్టుకెళ్లాను.

"నాది అయిపోనాది తాతా. నీది?"

"నాదీ అయిపోనాది."

"మరి కాల్సుకో."

ఆయన ఆకు విప్పి, చేపని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపు మూసుకున్నాడో. తర్వాత జాగ్రత్తగా మళ్లీ చుట్టి, "ఈయాల కడుపు బాగోనేదు. రేపు తింటాను," అన్నాడు. మర్నాడు ఆ చేప ఆయన కూతురి ఇంట్లో కూర అయిందని విన్నాను. ముసలితనంలో నోరు చచ్చిపోయింది పాపం అనుకున్నాను. చాలాకాలం బుధవారాల్లో ఆయన గుడి లోపలే ఉండిపోయేవాడు. దానికి కూడా అదే కారణం చెప్పుకున్నాను.

యుద్ధం అయ్యాక జర్మనోళ్లు తిరిగి రాలేదు. ఫాదరునీ ఓడెక్కించి పంపేశారు. ఆరు నెలలకోసారి వచ్చే కొత్త ఫాదరు ఒకసారి తాతని పిలిచి, పాత ఫాదరు ఉత్తరంలో ఒక ప్రశ్న అడిగాడని చెప్పాడు. శిబిరంలో మొదటి ఏడు ఈస్టరు ఉదయం తాను పాడినప్పుడు ఇక్కడ గంట మోగిందా అని. జవాబు నా చేత రాయించాడు తాత.

"మోగింది అని రాయి."

"ఉపాసాల సంగతి?"

"అదెందుకు? నీకూ నాకూ తెలిసింది సాలు."

మంగళవారం ఆ కర్ర ముందు కూర్చుని, పాత అలవాటు ప్రకారం చింతగింజలు తెప్పించుకున్నాను. ఉపవాసానికి ఒక గాటు చొప్పున, ఆయన యాభై నాలుగు వారాలకి మూడు వందల ఇరవై నాలుగు ఉండాలి. మొదటి పక్క నూట అరవై రెండు. రెండో పక్క నూట అరవై మూడు. అక్కడికే ఒకటి ఎక్కువైంది. ఆయన సంగతి తెలిసిందే కదా అని నవ్వుకుని కర్ర తిప్పాను. మూడో పక్క నూట అరవై ఒకటి. నాలుగో పక్క నూట అరవై మూడు. గింజలన్నీ చెరిపి మళ్లీ మొదటినుంచి లెక్కించాను.

ఆరు వందల నలభై తొమ్మిది.

నూట ఎనిమిది వారాలూ ఆయనే ఉపవాసం ఉన్నాడు. బేరమాడి నాకు ఇచ్చిన సగం కూడా. నేను మధ్యలో దొంగతనంగా తిని ఉంటానని అనుమానించాడో, ఉపవాసం కూడా నేను తప్పు లెక్కపెడతానని అనుకున్నాడో తెలియదు. రెండింటికీ ఆయన దగ్గర ఆధారాలున్నాయి. ఆ చివరి గాటు మాత్రం మిగతా వాటికి కొంచెం ఎడంగా ఉంది. దాన్ని వేలితో తడుముతూ, ఈసారి వెళ్లి తగువు పెట్టుకోవడానికి మనిషి లేడని గుర్తు చేసుకున్నాను.

మా ఆవిడ కంచం పెట్టి పిలిచింది. చేపల పులుసు. కూర్చున్నాను. అప్పుడే జర్మనోళ్ల గుడి గంట మొదలైంది. ఇప్పుడు కొడుతున్నది కొత్త మనిషి. ఒక్కొక్కటీ లెక్కించాను. పన్నెండు కొట్టి ఆపేశాడు. సరైన లెక్క.

"ఏటలాగ కూకున్నారు? సల్లారిపోతంది, తినండి."

"ఉండు," అన్నాను. "ఇంకొకటుంది."